ఎత్తకుండానే పెట్టే మిషను

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. బంగారు అంగళ్ళ వల్ల వచ్చిన పేరు. ఆ ఊరి పిల్లను చేసుకున్న కర్నూలు అల్లుణ్ణి నేను. పెళ్ళిలో మా మామ పెట్టిన గాజుల్లో రెండు జతలు ఇప్పుడు మా ఆవిడ చేతికి లేవు, బీరువాలో లేవు, బ్యాంకు తాకట్టులో భద్రంగా ఉన్నాయి. వాటికి బదులుగా మా ఇంటి వెనక గదిలో ఒక పిక్ అండ్ ప్లేస్ మిషను ఉంది. టేపులో వరసగా కూర్చున్న బుల్లి ఎలక్ట్రానిక్ పార్టులను సన్నని నాజిల్‌తో గాలి పీల్చి ఎత్తడం, తీసుకుపోయి సర్క్యూట్ బోర్డు మీద సరైన చోట పెట్టడం, ఇంతే దాని ఉద్యోగం. వచ్చిన కొత్తలో అది ఈ రెండు పనులు తప్ప అన్నీ చేసింది.

నా వ్యాపారం చిన్నది. బోరు మోటర్ల స్టార్టరు డబ్బాల్లో పెట్టే కంట్రోలు బోర్డులు తయారుచేస్తాను. రైతు ఇంట్లో కూర్చుని ఫోను చేస్తే పొలంలో మోటరు తిరుగుతుంది. బోరులో నీళ్ళు అడుగంటితే దానంతట అదే ఆగుతుంది. రెండోదాన్ని మా దగ్గర డ్రై రన్ అంటారు. మా సీమలో మోటరు తిప్పడానికంటే ఆపడానికే గిరాకీ ఎక్కువ. నీళ్ళు లేకుండా తిరిగిన మోటరు వేడెక్కి కాలిపోతుంది. పైకి ఎత్తడానికి నీళ్ళు లేనప్పుడు మోటరు లాగే కరెంటు తగ్గుతుంది. ఆ తగ్గుదలను కనిపెట్టి స్విచ్చి కట్టెయ్యడమే మా బోర్డు తెలివి. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, ముందుముందు నా పరువు తియ్యడానికి పనికొస్తుంది.

బోర్డుకు అరవై చిల్లర పార్టులు ఉంటాయి. చాలావరకు 0603 సైజువి, అంటే పొడవు 1.6 మిల్లీమీటర్లు, వెడల్పు 0.8. నువ్వు గింజ పక్కన పెడితే నువ్వే పెద్దది. బోర్డుకు సోల్డర్ పేస్టు పూసి, ఒక్కో పార్టునూ పట్టకారుతో ఎత్తి దాని గడిలో పెట్టి, చివరికి ఓవెన్‌లో కాల్చాలి. 183 డిగ్రీల దగ్గర పేస్టు కరిగి అన్నీ అతుక్కుంటాయి. మొదట్లో పార్టులు పెట్టే పని మా ఆవిడదే. ఆమె మగ్గం వర్కు చేస్తుంది. పుల్ల కొనకు మైనం అద్ది, కుందన్లు ఎత్తి, పెళ్ళికూతుళ్ళ జాకెట్ల మీద వరస తప్పకుండా అతికించే చెయ్యి అది. ఆ చేతికి రెసిస్టరు ఒక లెక్కా? సీరియల్ చూస్తూ బోర్డు నింపేది. మధ్యలో అత్తాకోడళ్ళ కొట్లాట ముదిరినా ఒక్క పార్టు వంకర పొయ్యేది కాదు. కూలి కూడా అడిగేది కాదు. అంతా సవ్యంగా జరుగుతుంటే నాలాంటివాడికి నిద్ర పట్టదు.

నిద్ర చెడగొట్టింది పేపరు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దేశం మొత్తానికి 12 పారిశ్రామిక నగరాలకు ఒప్పుకుంటే, వాటిలో ఒకటి మా కర్నూలు పక్క ఓర్వకల్లు, ఇంకొకటి మా అత్తగారి జిల్లాలో కడప పక్క కొప్పర్తి. ఓర్వకల్లుకు 2,621 ఎకరాలు, కొప్పర్తికి 2,596 ఎకరాలు. కొప్పర్తిలో అంతకుముందే 540 ఎకరాల్లో ఎలక్ట్రానిక్స్ క్లస్టరు ఉంది, సీసీ కెమెరాలు అక్కడే తయారవుతున్నాయి. పుట్టింటోళ్ళకు ఒకటి, మెట్టినింటోళ్ళకు ఒకటి చొప్పున పరిశ్రమ వస్తుంటే, మధ్యలో నేను మా ఆవిడ చేత పట్టకారుతో పార్టులు పెట్టిస్తూ కూర్చోవడం దేశప్రగతికి అడ్డం పడుతున్నట్టు అనిపించింది.

కర్నూలుకూ కడపకూ కలిపి ఒకే పెద్ద పథకం రావడం ఇది మొదటిసారి కాదు. కేసీ కాలువ ఉండనే ఉంది. దాన్ని తవ్వించింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే తెల్లవాళ్ళ ప్రైవేటు కంపెనీ. నీళ్ళు పారినంత సులువుగా డబ్బులు రాలేదు, చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుని వాళ్ళను ఒడ్డున పడేసింది. పెట్టుబడి లెక్క తప్పినవాళ్ళలో నాకంటే పెద్దవాళ్ళు మా నేల మీద ముందే తిరిగారన్నమాట. కాకపోతే నన్ను కొనుక్కునే ప్రభుత్వం లేదు.

గాజులు తాకట్టుకు పోయాయి. అట్టపెట్టె ఇంటికొచ్చింది. మా అమ్మ మిషనుకు పసుపు రాసి బొట్టు పెట్టి టెంకాయ కొట్టింది. మీట నొక్కాను. తల కదిలింది. టేపు దగ్గరికి పోయింది, వంగింది, పంపు బుస్సుమంది, లేచింది, బోర్డు మీదికి వచ్చింది, మళ్ళీ వంగింది, ఎంతో పొందికగా ఏమీ లేనిదాన్ని పెట్టి వెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తెచ్చింది, మళ్ళీ ఏమీ పెట్టలేదు. అరవై చిల్లర సార్లు అట్లా చేసి, తెరమీద పని పూర్తయిందని పచ్చ అక్షరాల్లో చూపించింది. బోర్డు మీద పేస్టు చుక్కలు ఎట్లున్నవి అట్లనే ఉన్నాయి.

మా అమ్మ చాలాసేపు చూసి, "పెట్టినట్లే వంగుతాండాది గానీ, ఏమీ పెట్టకపాయె గదరా" అంది.

"ఇప్పుడు ఉత్త రిహార్సల్ మా" అన్నాను.

తప్పు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, మిషను కంటే మా ఊరి గాలిదే పెద్ద పాత్ర అని. పార్టులు వచ్చే టేపుకు పైన ఒక పలచని పొర అతికించి ఉంటుంది. మిషను ఆ పొరను వెనక్కి లాగుతూ పార్టును బయటపెట్టాలి. పొర ఊడేటప్పుడు రాపిడికి స్టాటిక్ పుడుతుంది. తేమ ఉన్న ఊళ్ళో అది గాలిలో కలిసిపోతుంది. మార్చి దాటిన కర్నూలులో గాలికి తేమ ఎక్కడిది? పార్టు గడిలో నిలవకుండా ఎగిరి పొరకే అతుక్కుని పోతుంది. కింద నాజిల్ ఖాళీ గడి మీద వంగి భక్తిగా గాలి పీలుస్తుంది. ఇట్లాంటి పనులు జరిగే గదుల్లో గాలి తేమ 40 నుంచి 60 శాతం ఉండాలంటారు. మా వెనక గదిలో ఉతికిన పంచె ఆరేసి తలుపు మూసేలోపే ఎండుతుంది.

తేమ కావాలంటే కూలరు కావాలి. హాల్లో ఉన్న కూలరును వెనక గదికి తరలించాను. మా ఆవిడ అడ్డుపడలేదు, "మిషనుకు కూలరు, మనుషులకు విసనకర్ర. సరే కానీండి" అని మాత్రం అంది. కూలరు తిప్పిన మొదటి నిమిషంలోనే తేమతో పాటు గాలీ వచ్చింది. టేపు గడుల్లో ఉన్న కెపాసిటర్లు లేచి గది నాలుగు మూలలకూ పోయాయి. కొన్ని నేటికీ మా అమ్మ ఊడ్చినప్పుడు చేటలో కనబడుతుంటాయి. అప్పట్నుంచి కూలరు ముఖం గోడ వైపు తిప్పాను. బయట 43 డిగ్రీల ఎండ. ఇంటిల్లిపాదీ హాల్లో ఉడుకుతుంటే కూలరు మాత్రం గోడకు చల్లగాలి విసురుతూ ఉండేది.

ఆ తర్వాత ఎర్తింగు. స్టాటిక్ పోవడానికి మిషనుకూ, కింద పరిచిన మ్యాటుకూ, మనిషి మణికట్టుకూ ఎర్తు కలపాలి. పట్టీ కట్టుకుని, వైరు మిషనుకు తగిలించుకుని కూర్చుంటే మా అమ్మ వాకిట్లో నిలబడి, "ఎవరు పారిపోతారనిరా కట్టింది, అదా నువ్వా?" అని అడిగింది. ఎర్తు మీటరుతో చూస్తే మా ఇంటి ఎర్తు పేరుకే ఎర్తు. ఎర్తు గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి కడ్డీ పాతినా, చుట్టూ మన్ను ఎండిపోతే కరెంటు భూమిలోకి దిగే దారి మూసుకుపోతుంది. రోజూ నీళ్ళు పొయ్యాలి. కొళాయి రాని రోజున ఆ మాట ఇంట్లో ఎట్లా చెప్పాలో తెలీక, "గుంతలో రెండు చెంబులు పొయ్యగలవా" అని గొంతు తగ్గించి అడిగాను.

"తులసికోటకే కడుగు నీళ్ళు పోస్తాండా. ఇనప కడ్డీకి మంచినీళ్ళా?" అంది మా ఆవిడ. ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్ళలో సగం తులసికి, సగం ఎర్తుకు. ఇద్దరూ పచ్చగానే ఉన్నారు.

అయినా పార్టులు వంకర పడుతూనే ఉన్నాయి. ఈసారి దోషం టేబులుది. మిషను తల బరువైనది, ఉరికి వచ్చి ఠక్కున ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ ప్లైవుడ్ టేబులు ఊగుతుంది. ఊగు తగ్గేలోపే కెమెరా ఫోటో తీస్తుంది. అది చూసింది ఒక చోటు, పార్టు ఉన్నది ఇంకొక చోటు. ఎక్కువసేపు ఆగి ఫోటో తియ్యమని చెప్పొచ్చు, కానీ అట్లా ఆగుతూ పోతే సాయంత్రానికి ఒక బోర్డు. కొలతల మిషన్లను గ్రానైటు బండల మీద బిగిస్తారని నాకు తెలుసు. గ్రానైటు కొనే స్తోమత లేదు. ఇంటి ముందర మాత్రం ఒక నల్లటి కడప బండ గోడకు ఆనించి ఉంది.

ఆ బండకు ఒక కథ ఉంది. వంటగట్టు మీద పాత బండ పగిలిందని మా ఆవిడ పుట్టింట్లో చెప్పుకుంటే, మా మామ స్వయంగా ఏరి, రెండు వైపులా పాలిషు పట్టించి, లారీ మీద పంపిన బండ అది. బొంబాయి వంటిళ్ళలో కూడా ఆ రాయిని కడప పేరుతోనే అడుగుతారు. అంత పేరున్న రాయి మా వాకిట్లో పడి ఉండగా నా కళ్ళు ఊరుకుంటాయా? మా ఆవిడ పుట్టింటికి పోయిన రోజున, వీధిలో నలుగురు కుర్రవాళ్ళను పిలిచి, బండను వెనక గదిలో ఇటుకల మీద ఎక్కించి, మిషనును దాని మీద బిగించాను. ఊగు పోయింది. నిజంగా పోయింది. ఈ మిషనుకు నేను చేసిన మార్పులన్నిటిలో రూపాయి ఖర్చు లేకుండా కుదిరింది ఇదొక్కటే. ఖాళీ అయిన ప్లైవుడ్ టేబులును గ్యాసు పొయ్యి కింద పెట్టాను.

మా ఆవిడ తిరిగొచ్చి వంటింట్లోకి పోయింది. కుక్కరు విజిల్ వేసినప్పుడల్లా పొయ్యితో సహా టేబులు ఊగుతోంది. ఆమె ఏమీ అనలేదు. రాగిసంగటి కెలకడానికి గిన్నె నేల మీద పెట్టుకుని కూర్చుంది. ఏమన్నా తిట్టి ఉంటే ఒక పూటతో పోయేది.

కెమెరాల సంగతి వేరే. కింద నుంచి పైకి చూసే కెమెరా ఒకటుంటుంది. నాజిల్ పట్టుకున్న పార్టు ఎంత పక్కకు జరిగిందో, ఎంత తిరిగిందో అది చూసి సరిచేస్తుంది. దాని చుట్టూ తెల్లటి దీపాలు. దీపానికి పురుగులు వస్తాయి, పురుగులకు బల్లి వస్తుంది. ఒకరాత్రి మిషను రెసిస్టరును కెమెరా మీదికి తెచ్చి ఆగిపోయింది. పార్టు సైజు అనుకున్నదాని కంటే చాలా పెద్దదిగా ఉందని ఎర్రగా చూపించింది. వెళ్ళి చూస్తే అద్దం మీద బల్లి. మా అమ్మ వెంటనే పంచాంగం తీసింది. బల్లి తల మీద పడితే ఏమిటి, భుజం మీద పడితే ఏమిటి, మగవాళ్ళకు ఏ ఫలం, ఆడవాళ్ళకు ఏ ఫలం అన్నీ ఉన్నాయి. మిషను కంటి మీద పడితే ఏమిటో లేదు. "నష్టమే అయ్యుంటాది" అని ఆమే తేల్చి పుస్తకం మూసింది. పగలు కిటికీ ఎండ పడి పార్టులు మెరిసి కెమెరా తికమకపడుతుంటే, మా నాయన నల్లగొడుగు విప్పి మిషను మీద కట్టాను. కర్నూలులో గొడుగు వానకు కొనేది తక్కువే కాబట్టి ఆయన పెద్దగా నొచ్చుకోలేదు, ఎండన పడి బ్యాంకుకు పోయేటప్పుడు మాత్రం తలకు తువ్వాలు చుట్టుకుంటూ నా వైపు చూసేవాడు.

సోల్డర్ పేస్టు గురించి ఎక్కువ చెప్పను. దాన్ని 2 నుంచి 10 డిగ్రీల చలిలో ఉంచాలి. అందులో సీసం ఉంటుంది, తిండి దగ్గర పెట్టకూడదు. పాత ఫ్రిజ్ ఒకటి వేరే కొన్నాను. అంతకుముందు మోకాళ్ళ నొప్పుల మందనుకుని మా నాయన ఆ డబ్బా మూత తిప్పుతుండగా మా ఆవిడ చూసి లాక్కుంది. ఆ ఫ్రిజ్ ఖర్చు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

ఇక మిషను బుర్ర. దానితో వచ్చిన సాఫ్ట్‌వేరుకు మంచి చెడు చెప్పే దారి లేదు. అందుకని కంట్రోలు బోర్డు పీకేసి, జి-కోడ్ అనే మిషన్ల భాష అర్థమయ్యే బోర్డు వేసి, ఓపెన్‌పిఎన్‌పి ఎక్కించాను. జేసన్ వాన్ నీడా అనే ఆయన మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేరు ఇది, లోకం నలుమూలల వాళ్ళు కలిసి పెంచుతున్నారు. స్టీఫెన్ హాస్ అనే అమెరికా కుర్రవాడు లూమెన్‌పిఎన్‌పి అని మిషను గీతలన్నీ అందరికీ ఇచ్చేశాడు, టేపు నడిపే ఫీడర్ల ఆలోచన అక్కణ్ణుంచి తెచ్చుకున్నాను. ఉచితం అన్న మాట విని మా ఆవిడ మొదటిసారి ఆసక్తిగా చూసింది. అది నేర్చుకోవడానికి పట్టిన రాత్రుల ఖరీదు ఆమెకు తర్వాత తెలిసింది.

ఆ సాఫ్ట్‌వేరుకు అన్నీ మొదటినుంచి చెప్పాలి. కెమెరాలో ఒక చుక్క అంటే ఎన్ని మిల్లీమీటర్లో చెప్పాలి. నాజిల్ కొన వంకరగా ఉంటే, దాన్ని తిప్పుతూ కెమెరాకు చూపించి వంకర ఎంతో కొలిపించాలి. బెల్టు వదులుగా ఉంటే ఎడమ నుంచి వచ్చినప్పుడు ఒక చోట, కుడి నుంచి వచ్చినప్పుడు ఇంకొక చోట ఆగుతుంది. అప్పుడు ఎటు తిరిగి వచ్చినా చివరి అడుగు ఒకే వైపు నుంచి వెయ్యమని చెప్పాలి. ఇన్ని చెప్పాక తల చక్కగా పోయింది, చక్కగా వంగింది, చాలాసార్లు ఎత్తింది. ఎత్తనప్పుడు మాత్రం పాత పద్ధతే. కింది కెమెరా పట్టుకున్నవి కొన్ని, నాజిల్ కొన నీడనే పార్టు అనుకుని వదిలేసినవి కొన్ని.

ఆ రోజుల్లోనే ఆదోని వైపు నుంచి ఒక పెద్దాయన స్టార్టరు రిపేరుకు తెచ్చాడు. నేను డబ్బా విప్పుతుంటే ఆయన వెనక గది గుమ్మంలో కూర్చుని మిషనును చూస్తున్నాడు. చాలాసేపటికి అడిగాడు:

"సారూ, అది పీల్చేది గాలే గదా?"

"అవును పెద్దాయనా."

"వట్టి గాలి పీల్చినా, పార్టు పట్టుకున్నా పంపుకు ఒకటే మాదిరి ఉంటాదా?"

"ఉండదు. పార్టు పట్టుకుంటే కొన మూసుకుంటుంది, గొట్టంలో పీడనం ఇంకా పడిపోతుంది."

"మరి దీనికి డ్రై రన్ పెట్టుకోలేదా నువ్వు?"

ఆయన మామూలుగానే అడిగాడు. వంటింట్లో సంగటి కెలికే కట్టె చప్పుడు మాత్రం ఆగింది. ఊరూరా తిరిగి డ్రై రన్ బోర్డులు అమ్మేవాడు, నీళ్ళు లేని మోటరును పసిగట్టకపోతే కొంపలు మునుగుతాయని రైతులకు ఉపన్యాసాలు ఇచ్చేవాడు, తన ఇంట్లో ఖాళీ నాజిల్‌ను ఖాళీ అని తెలుసుకునే ఏర్పాటు లేకుండా కూలరును గోడకు తిప్పుకుని కూర్చున్నాడు. వంటింట్లో నవ్వు మొదలైంది. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే మాటకు నవ్వడం మా ఇంట్లో అరుదు.

పెద్దాయన దగ్గర రిపేరుకు డబ్బు తీసుకోలేదు. వాక్యూమ్ గొట్టానికి చిన్న ప్రెషర్ సెన్సరు ఒకటి తగిలించాను. ఎత్తిన వెంటనే పీడనం చూస్తుంది, అనుకున్నంత పడకపోతే అక్కడే ఆగి మళ్ళీ ఎత్తుతుంది, అప్పటికీ రాకపోతే నన్ను పిలుస్తుంది. బుల్లి పార్టులకు వాడే సన్న నాజిళ్ళలో ఖాళీకీ నిండుకూ తేడా చాలా తక్కువ. గొట్టం పొట్టిది వేసి, కీళ్ళ దగ్గర గాలి కారకుండా బిగించాక గానీ ఆ తేడా నిలకడగా దొరకలేదు. దొరికాక మాత్రం ఖాళీ చేత్తో బోర్డు మీద వంగడం మానేసింది.

సంక్రాంతికి మా మామ వచ్చాడు. తను పంపిన బండను వంటింట్లో వెతికి, వెనక గదిలో చూసి, ఏమీ అనకుండా దాని అంచును చేత్తో తడిమి కూర్చున్నాడు. మిషను పనిచేస్తోంది.

"ఏమల్లుడూ, మా కొప్పర్తి ఫ్యాక్టరీల్లో మిషన్లు గంటకు ఎన్ని పెడతాయి?"

"పెద్ద మిషన్లయితే పదుల వేలు మామా."

"నీది?"

"కొన్ని వందలు."

"మా పిల్లో?"

నేను నీళ్ళు తాగడానికి లేచాను. గాజులు ఇంకా విడిపించలేదని ఆయనకు తెలుసు, ఆ మాట ఎత్తలేదు. పోయేటప్పుడు ఇంకొక బండ పంపిస్తానన్నాడు. "ఈసారి నేరుగా వంటింట్లోకి దింపించు నాయనా" అంది మా ఆవిడ.

మిషను ఇప్పుడు బాగానే ఉంది. ఒకే రకం బోర్డులు వందలుగా చెయ్యాల్సి వస్తే అదే చేస్తుంది. పది ఇరవై బోర్డుల చిల్లర ఆర్డరు వస్తే, టేపులు ఎక్కించి, కెమెరాకు దారి చూపించి, మొదటి బోర్డు సరిచూసుకునేలోపు మా ఆవిడ పట్టకారుతో సగం నింపేస్తుంది. ఇప్పుడు కూలి అడుగుతోంది. ఇస్తున్నాను.

కొనాలనుకునేవాళ్ళకు ఒక మాట. నెలకు వంద బోర్డులు దాటకపోతే కొనొద్దు, మంచి పట్టకారు కొనుక్కోండి. కొనక తప్పదంటే మొదట డబ్బు ఎర్తుకూ స్టెబిలైజరుకూ పెట్టండి, తర్వాత బరువైన బండకు, ఆ తర్వాత వాక్యూమ్ సెన్సరుకు, మిగిలింది మిషనుకు. చూసిపోవాలని ఉంటే మా ఇంటికి రండి, నడిపి చూపిస్తాను. ఎండాకాలంలో వచ్చేవాళ్ళు ఎర్తు గుంతకు ఒక బిందె నీళ్ళు తెచ్చుకోండి.